తీరకముందే చెప్పిన సాక్ష్యం

ఆదివారం సాక్ష్యాల వేళ మా చర్చిలో మైకు ఒకసారి కీచుమంటుంది. ఎన్ని మైకులు మార్చినా ఆ కూత మాత్రం మారలేదు. అది చెవిన పడగానే నాకు కంఫర్ట్ అనే ఆవిడ గుర్తొస్తుంది. మనలో కృపమ్మ, కరుణమ్మ ఉన్నట్టే ఘనా దేశంలో అలాంటి పేర్లు పెడతారు.

ఎనభై రెండులో అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండేది. ప్రసూతి వార్డులో నర్సు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన నాకు మంచులో నడవడం కూడా ఆవిడే నేర్పింది. తెలుగు చర్చి లేని రోజులు కనుక, స్కూలు హాల్లో జరిగే వాళ్ల ఘనా చర్చికే మమ్మల్నీ కార్లో తీసుకెళ్లేది. మా బాబు పుడితే పదిహేను రోజులు వాడికి నీళ్లు పోసింది. ఆవిడ నవ్వితే కింద మా వంటింట్లోకి వినిపించేది.

ఆ బాబుకు పాలిచ్చేదాన్ని, గుడ్డలు మార్చేదాన్ని. ఎవరి బిడ్డనో అప్పగిస్తే చూసుకున్నట్టు చూసుకునేదాన్ని. ప్రేమ మాత్రం రాలేదు. కొన్నాళ్లకు బతకాలని కూడా అనిపించలేదు. చలిదేశం కదా, అదే సర్దుకుంటుందన్నారు మావారు. అమ్మకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ బాబూ నేనూ కులాసా అని రాశాను. కంఫర్ట్ ఒకసారి నా గడ్డం పట్టుకుని నిజంగా బాగున్నావా అని అడిగితే, అంత అనుభవం ఉన్న నర్సుకూ అబద్ధమే చెప్పాను. బిడ్డ మీద ప్రేమ లేదని ఏ నోటితో చెప్పను?

బాబుకు ఎనిమిది నెలలప్పుడు ఆవిడకు మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత పైనుంచి నవ్వు వినిపించలేదు. మిరియాల చారు తీసుకెళ్తే గుమ్మంలోనే గిన్నె అందుకుని తలుపు వేసేసేది. అలసట అనుకున్నాను. నా సంగతి నేనే దాచుకుంటూ ఆవిడది పోల్చుకోలేకపోయాను చూడండి.

వాళ్లలో బాలింత తెల్లబట్టలు కట్టుకుని, బిడ్డతో చర్చికి వచ్చి కృతజ్ఞత చెప్పాలి. కంఫర్ట్ అలా వచ్చిన ఆదివారం డప్పులు మోగుతుంటే ఆడవాళ్లంతా చేతిరుమాళ్లు ఊపుతూ ఆవిడను ముందుకు తీసుకెళ్లారు. మైకు కీచుమంది. డప్పులు ఆగాయి.

“ఈ బిడ్డను ఎత్తుకుంటే నాకేమీ అనిపించడం లేదు. పొద్దున లేవగానే చచ్చిపోతే బాగుండుననిపిస్తోంది. నేను కృతజ్ఞత చెప్పడానికి రాలేదు. సాయం అడగడానికి వచ్చాను,” అంది.

సాక్ష్యమంటే కష్టం తీరాక చెప్పేదని మాకు తెలుసు. జబ్బు తగ్గాక, వీసా వచ్చాక, దేవుడు చేసిన మేలు చెప్పుకుంటాం. కష్టం నడినెత్తిన ఉండగా నిలబడి చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఇలాంటివి మన ఆఫ్రికా ఆడవాళ్లకు ఉండవని ముందు వరుసలో ఒక పెద్దావిడ గొణిగింది. కంఫర్ట్ ఆమె వైపు తిరిగి, “మా అమ్మకూ ఉండేది. మేం దానికి పేరు పెట్టలేదు, అంతే,” అంది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. చేయండి, ముందు ఎవరైనా వచ్చి బిడ్డను అందుకోండి అంది. ఒక్కరూ కదల్లేదు.

మా బాబును మావారి ఒళ్లో పడేసి నేను లేచాను. ఆ పిల్లను అందుకుంటూ, “నాకూ అంతే, సిస్టర్,” అన్నాను.

ఆవిడ నా భుజం పట్టుకుంది. “అయితే రేపు ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం,” అంది.

వెళ్లాం, ఇద్దరు పిల్లల్నీ వెనక సీట్లో కట్టేసుకుని. తగ్గడానికి నెలలు పట్టింది. కష్టం తీరకముందే నోరు తెరవడం ఆవిడ నాకు నేర్పిన విద్య. అది నన్ను చాలాసార్లు కాపాడింది. ఒక్కడి దగ్గరే నోరు పెగల్లేదు. నలభై ఏళ్లు దాటాక, నిరుడు కార్లో వెళ్తుంటే మా అబ్బాయికి కూడా ఆ సంగతి చెప్పేశాను.

వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “మరి నా మీద ప్రేమ ఎప్పుడు స్టార్ట్ అయింది, అమ్మా?” అన్నాడు.

“నీకు పద్నాలుగో నెలలో. కంఫర్ట్ ఆంటీ కూతురి చేతిలో బిస్కెట్ లాక్కుని, సగం విరిచి మళ్లీ దానికే పెట్టావు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు.”