సమ్మెలో బాపు డ్యూటీ

తెలంగాణ కోసం బొగ్గుగనులన్నీ బందైన రోజుల్లో, గోదావరిఖనిలోని మా క్వార్టర్ల లైను మొత్తంలో డ్యూటీకి పోయింది మా బాపు ఒక్కడే. ఈ మాట ఇప్పుడు గర్వంగా రాస్తున్నాను గానీ, డిగ్రీ చదువుతున్న నాకు అప్పట్లో కాలేజీలో తల ఎత్తుకోబుద్ధయ్యేది కాదు.

బాపు గని లోపల పంపు నడిపేవాడు. భూమిలో నీళ్లు ఊరుతూనే ఉంటాయి. తోడకపోతే గని మునిగిపోతుంది. అందుకే ఎంత పెద్ద సమ్మె అయినా పంపు నడిపేవాళ్లను కార్మికులే లోపలికి పంపుతారు. పాతవాళ్లందరికీ తెలిసిన పద్ధతే ఇది. బాపుకు మాత్రం ప్రాణం ఒప్పలేదు. ఉద్యమం సభ ఎక్కడ జరిగినా ముందు వరసలో కూర్చునే మనిషాయె!

"నన్ను గూడ మీతోని కూసోనియ్యుండ్రే," అని సంఘం పెద్దమనిషిని బతిమిలాడాడు.

"నువ్వు కూసుంటె గని మునుగుతది. రాష్ట్రం అచ్చినంక యాడ పని జేస్తం? నడువు," అని ఆయన కసిరాడు.

ఒకరోజు బాపు టిఫిన్ మరిచిపోతే పట్టుకొని గని గేటు దగ్గరికి పోయాను. అక్కడ టెంటు కింద కార్మికులు, వాళ్ల పక్కన బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్లు. అబ్బ, ఏం జనం! చూస్తే ఒళ్లు పులకరించింది. అంతలో కొత్తగా కొలువులో చేరిన ఒకతను, గేటు దాటబోతున్న బాపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మేమందరం జీతం ఇడిసి కూసుంటె, నీకు మాత్రం హాజరు పడాలెనా కాకా? నువ్వసలు తెలంగాణోనివేనా?"

బాపు ముఖం నల్లబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందన్నా, నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నవ్? పో, నువ్వే దిగి పంపు నడుపు!" అని అరిచాను.

పెద్దమనిషి వచ్చి అతన్ని పక్కకు లాగాడు. బాపు ఎవరినీ చూడకుండా లోపలికి పోయాడు. టిఫిన్ డబ్బా నా చేతిలోనే ఉండిపోయింది.

అయినా డ్యూటీ మానలేదు. అదీ మా బాపు! కానీ మా వీధిలో ఊరేగింపు వస్తే మాత్రం తలుపు వెనకాలే ఉండిపోయేవాడు. బయటికి రమ్మంటే, "నేనేం సమ్మె జేసిన్నని పోవాలె బిడ్డా?" అనేవాడు.

సమ్మె విరమించారు. మొదటి షిఫ్టు ముగించిన గుంపు ఒకటి బొగ్గు మసితోనే మా వాకిట్లోకి వచ్చింది. ముందున్నది ఆ గేటు దగ్గరి అన్నే. మళ్లీ ఏమంటాడోనని నేను కొంగు దోపుకొని సిద్ధంగా నిలబడ్డాను.

అతను బూటు ఒకటి విప్పి బాపు ముందు బోర్లించాడు. ఇంత బొగ్గు పొడి రాలింది.

"నెల దాటింది గదా, మోకాలు లోతు నీళ్లుంటయనుకొని దిగినం కాకా. బూటు గూడ తడువలేదు."

అతను దగ్గరికొచ్చి బాపు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పయింది. మా అందరికన్న ఎక్కువ సమ్మె నువ్వే జేసినవ్."

బాపు అతని భుజం మీద తల పెట్టి, అందరి ముందూ బొలబొలా ఏడ్చేశాడు.