పప్పుబద్దంత పువ్వు

పన్నెండేళ్ళుగా నేనొక పువ్వును మోస్తున్నాను. కందిపప్పు బద్దంత ఉంటుంది. దానికింత బరువుంటుందంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, పరవాలేదు. ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పని సంగతి మీ ముందు పెడుతున్నాను గనక ఆ హక్కు మీకుంది. పేరు మాత్రం అడక్కండి.

మీరెప్పుడైనా సాగర్‌లో లాంచీ ఎక్కి నీళ్ళ మధ్యనున్న కొండకు వెళ్ళి ఉంటే, మిమ్మల్ని తీసుకెళ్ళిన వాళ్ళలో నేనూ ఉండొచ్చు. పైన చక్రం తిప్పేవాణ్ణి కాదు. కింద డీజిల్ వాసనలో ఇంజను పక్కన కూర్చునే మేస్త్రీని. మా వాళ్ళంతా దాన్ని కొండ అంటారు. చుట్టూ నీళ్ళున్నాయి గనక నాకది లంక. జనం దిగి, చూడాల్సినవి చూసి, తిరిగొచ్చేసరికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ మా లాంచీ వాళ్ళు పేకాడతారు, కునుకు తీస్తారు. నేను లంక మీద తిరుగుతాను. ముప్ఫై ఏళ్ళుగా అదే పని.

గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటారేమో. చెప్పుకుంటున్నాను. పదో తరగతి దాటని మనిషిని. కానీ ఆ లంకలో ఏ బలుసు చెట్టు మీద ఏ పిట్ట గూడు కడుతుందో, తొలకరి పడ్డ ఎన్నో రోజుకు ఆరుద్ర పురుగులు బయటికొస్తాయో, కలివి కాయలు ఎటువైపు ముందు నల్లబడతాయో, జెముడుకాకి ఏ పొదలో దూరి అరుస్తుందో నన్నే అడగాలి. మారేడు ఆకు మీద పిట్ట రెట్టలా కనబడేది రెట్ట కాదు, రేపటి సీతాకోకచిలుక. నాకెవరూ చెప్పలేదు. రోజూ వెళ్ళి చూసి నేనే తెలుసుకున్నాను. "నిఖా నాతో కాదు, ఆ లంకతో చేసుకోవాల్సింది" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

చూసినవన్నీ ఒక నోటుబుక్కులో రాసేవాణ్ణి. చెట్టు, పిట్ట, పురుగు, ఏదైనా సరే. దానికి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. కంటితో చూస్తేనే రాయాలి. పేరు పక్కన రోజు ఉండాలి, చోటు ఉండాలి. నూట ఎనభై ఆరు పేర్లున్నాయి అందులో. నూట ఎనభై ఐదు నిజం.

ఆ మిగిలిన ఒక్కదాని సంగతే మీకు చెప్పబోయేది.

మా సొంతూరు గురజాల పక్కన. ఊరికి అరమైలు దూరంలో ఈరమ్మ గుట్ట ఉండేది. గుట్టంటే పెద్దదేం కాదు, నాపరాళ్ళ దిబ్బ. మా వెనక వీధి అంకమ్మ దాని మీద మేకలు కాసేది. చిన్నప్పటి నుంచీ నాకు పెద్దమ్మ. పన్నెండేళ్ళ కిందట తొలకరి వానలకు ఊరెళ్ళి, గుట్టెక్కి చూస్తే ఆమె రాళ్ళ సందులో కర్రతో తవ్వుతోంది. జానెడు మొక్క. రెండు మూడు సన్నటి ఆకులు. వాటి మొదట్లో ముదురు కుంకుమరంగు పువ్వు, చుట్టూ చిన్న ఈగలు.

"ఇదేంది పెద్దమ్మా?"

"గడ్డ."

"అదే, పేరేంది?"

"గడ్డేనయ్యా. దానికి మళ్ళా పేరొకటా? మేకలెమ్మట తిరిగేటప్పుడు ఆకలైతే తవ్వుకుని తింటాం. పెద్దది తిని, చిన్నది మళ్ళా ఆడనే పాతిపెడతాం. లేకపోతే వచ్చే ఏటికి ఏముంటది?"

మట్టి తుడిచి నాకొకటి పెట్టింది. లేత దోసకాయలా కరకరలాడింది. పువ్వుతో ఉన్న మొక్క ఒకటి అడిగి తీసుకున్నాను.

"అన్నీ పుస్తకంలో రాస్తావంటగా. మా గుట్ట పేరు రాయి సాయిబూ. దాచేపల్లి పేరు పేపర్లో వస్తది, మాచర్ల పేరు వస్తది. మా గుట్ట పేరు ఒక్కసారన్నా రావాలిగా."

"రాస్తా పెద్దమ్మా."

మొక్కను పాత పేపర్ల మధ్య పెట్టి నొక్కాను. ఎప్పుడు, ఎక్కడ దొరికిందో రాసే చీటీ తర్వాత రాద్దాంలే అనుకున్నాను. ఆ రోజే రాసి ఉంటే ఇవాళ మీతో ఈ మాటలు చెప్పే పని పడేది కాదు.

నెలన్నర తర్వాత లంకకు ఒక ప్రొఫెసర్ గారు వచ్చారు. లంకలో మొక్కలు, పిట్టలు, పురుగుల మీద పుస్తకం రాస్తున్నారట. మూడు రోజులు నా వెంటే తిరిగారు. నేను వేలు పెట్టి చూపిస్తే ఆయన రాసుకున్నారు. ఇంజను మేస్త్రీ వెనక ప్రొఫెసర్ నడవడం మా లాంచీ వాళ్ళంతా చూశారు. మూడో రోజు ఆయన నా నోటుబుక్కు ఆసాంతం తిరగేసి, "చాలా బాగా రాశారు మేస్త్రీ గారూ. అయితే ఇవన్నీ మన పల్నాటిలో ఏ గుట్ట మీదైనా ఉండేవే" అన్నారు.

చెడ్డ మనసుతో అనలేదు. ఉన్నమాటే అన్నారు. కానీ నా చెంప మీద కొట్టినట్టయింది. నా లంక, నేను అన్నేళ్ళు అడుగడుగునా చూసుకున్న లంక, ఏ గుట్టయినా ఒకటేనట! సంచిలోంచి పాత పేపరు తీసి ఆయన ముందు విప్పాను. ఆ మొక్కను చూడగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇదెక్కడిది?"

"ఇక్కడిదే సార్."

నోరు జారిందా? అలా చెప్పుకుంటే నాకు సుఖమే. కానీ జారలేదు. ఆయన అడగడానికీ నేను చెప్పడానికీ మధ్య ఈరమ్మ గుట్ట గుర్తొచ్చింది, పెద్దమ్మ గుర్తొచ్చింది, ఆమెకిచ్చిన మాట కూడా గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాకే ఆ మాటన్నాను. చూపించమన్నారు. "నీటి ఒడ్డున ఉండేది సార్, డ్యాం నిండి మునిగిపోయింది" అన్నాను. డ్యాం నిండిన మాట నిజమే. అబద్ధానికి నిజాన్ని తోడిస్తే ఎంత బాగా అతుకుతుందో ఆ రోజే తెలిసింది. ఆయన చీటీ రాశారు. దొరికిన చోటు దగ్గర లంక పేరు, సేకరించినవాడి దగ్గర నా పేరు. ఆ రాత్రి నా నోటుబుక్కులో నూట ఎనభై ఆరోదిగా నేనూ అలాగే రాసుకున్నాను.

పుస్తకం వచ్చింది. రేవు దగ్గర ఆ పువ్వు బొమ్మతో బోర్డు కూడా పెట్టారు. అరుదైన మొక్క, ఈ లంకలో ఉంది అని. జనం దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు. నేను ఇంజను ఆపి చూస్తుంటాను. మీ దగ్గర దాపరికమెందుకు, ఛాతీ ఉబ్బేది. ఆ తర్వాత అన్నం సహించేది కాదు. రెండూ నాకే ఎలా జరిగేవో నాకిప్పటికీ అర్థం కాదు.

అబద్ధాన్ని నిజం చేద్దామనుకున్నాను. మరుసటి తొలకరికి ఊరెళ్ళి, లంకలో నాటుతానని గడ్డలు అడిగాను. పెద్దమ్మ సంబరపడింది. "బాగానే ఉంటది. ఆడ మేకల బెడద కూడా లేదుగా" అని ఆరు గడ్డలు తవ్వి, మట్టితో సహా నా టిఫిను డబ్బాలో సర్దింది. గుట్ట పేరు రాశావా అని అడిగింది. రాశానన్నాను. ఒడ్డు పక్కన ఆరూ నాటాను. రోజూ చూశాను. రాళ్ళ సందుల్లో బతికేదానికి లంక బంకమట్టి పడలేదు. నెల తర్వాత తవ్వితే ఒక్కొక్కటే జావగా చేతికంటుకుంది. ప్రొఫెసర్ గారు రెండుసార్లు వచ్చి వెతికి, కనబడక, ఎంత అరుదో అని మురిసిపోయి వెళ్ళారు.

మూడేళ్ళకు నాపరాయి కోసం ఈరమ్మ గుట్టను తవ్వుతామని ఎవరో వచ్చారు. ఊళ్ళో షామియానా వేసి, ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పమన్నారు. సొంతూరు గనక నేనూ వెళ్ళి రెండో వరసలో కూర్చున్నాను. అంకమ్మ పెద్దమ్మ కొంగులోంచి మొక్క తీసి బల్ల మీద పెట్టింది. ఇది మా గుట్ట మీద తప్ప ఇంకెక్కడా లేదంది. బల్ల వెనకున్న ఆయన పుస్తకం తెరిచి, బొమ్మ చూపించి, "లంకలో ఉందమ్మా, భద్రంగా ఉంది. ఇదిగో రాశారు" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

"అది నేనిచ్చిన గడ్డేగదయ్యా! ఈడి నుంచే పోయింది. అడుగోండి, తీసకపోయినోడు ఆడనే కూచున్నాడు. సాయిబూ, నువ్వు చెప్పు. ఇది యాడిదో నువ్వు చెప్పు."

అందరూ నా వైపు తిరిగారు. లేచి నిలబడ్డాను. ఒక్క మాట చాలు. "పుస్తకం తప్పు, ఇది ఈ గుట్టది" అంటే చాలు. అయితే ఆ తర్వాత నా నోటుబుక్కులో ఏ పేరును ఎవరు నమ్ముతారు? ప్రొఫెసర్ గారి ముందు, లాంచీ వాళ్ళ ముందు తలెత్తుకుని ఎలా తిరగను? అదీ నేను ఆలోచించింది. గుట్ట గురించి కాదు. "నాకు సరిగా గుర్తులేదు పెద్దమ్మా" అని కూర్చున్నాను.

నేను నిజం చెప్పినా తవ్వకం ఆగేది కాదేమో. ఎన్నోసార్లు అలా సర్దిచెప్పుకున్నాను. ఆగేదో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదన్నది మాత్రం తెలుసు. ఇప్పుడక్కడ గుట్ట లేదు. లారీలు దిగే గొయ్యి ఉంది. చుట్టుపక్కల గుట్టలన్నీ ఎక్కి చూశాను, సెలవు పెట్టి మరీ తిరిగాను. ఆ మొక్క ఎక్కడా కనబడలేదు.

పెద్దమ్మ మేకలు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. రెండేళ్ళ కిందట మాచర్ల బస్టాండులో ఎదురుపడింది. తిడుతుందేమోనని ఒళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"లంకలో మొలిచినయ్యా సాయిబూ?"

"మొలిచినయ్ పెద్దమ్మా. చానా మొలిచినయ్."

"అయితే సరేలే. యాడో ఒకచోట బతికినయ్."

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది. ఈ వేసవిలో చనిపోయింది. మిగతా అబద్ధాలు నా గర్వం కోసం ఆడాను, వాటికి నేనే జవాబు చెప్పుకుంటాను. ఈ ఒక్కటీ ఆమె కోసమే ఆడానని అనుకుంటాను గానీ, అదీ నిజం కాదు. ఆమె మొహంలోకి చూసి లేదని చెప్పే ధైర్యం లేక ఆడాను.

నిన్న నోటుబుక్కు తీసి నూట ఎనభై ఆరో పేరు కొట్టేశాను. రేపు ప్రొఫెసర్ గారికి ఉత్తరం పోస్టు చేస్తున్నాను. ఆ తర్వాత నా మిగతా పేర్లను ఆయన నమ్ముతారో లేదో ఆయన ఇష్టం. అవన్నీ నిజమని నాకు తెలుసు. ఇప్పటికీ వాటిని చూసుకుని గర్వపడతాను. ఆ గర్వం నాకు కావాలి కూడా. ఇంతకాలం దాన్ని కాపాడుకోవడానికే నోరు మూసుకున్నాను, ఇప్పుడు దానికోసమే తెరుస్తున్నాను. క్షమించమని ఎవర్నీ అడగడం లేదు. క్షమించగల మనిషి లేదు.

ఉత్తరంతో పాటు చీటీ కొత్తగా రాసి పెట్టాను. పన్నెండేళ్ళు ఆలస్యంగా, ఈసారి నా చేత్తో.

మొక్క: గడ్డ. దొరికిన చోటు: ఈరమ్మ గుట్ట. చూపించింది: మేకల అంకమ్మ.

కింద ఇంకొక్క వరస రాశాను. అది ప్రొఫెసర్ గారికి కాదు.

మొలవలేదు పెద్దమ్మా. ఆరింటిలో ఒక్కటి కూడా మొలవలేదు.