నాకు ఐస్‌క్రీం పడదుట!

మా చిన్నప్పుడు సోమవారం వస్తోందంటే నాకు దిగులు... లెక్కల మాస్టారి వల్ల కాదు, జయ వల్ల.

జయ బళ్ళో నా పక్కన కూర్చునేది. వాళ్ళ నాన్నగారికి తాటిపాకలో చమురు కంపెనీలో ఉద్యోగం. ప్రతి ఆదివారం స్కూటరెక్కి అమలాపురం వెళ్ళి, కొత్తగా పెట్టిన ఏసీ రెస్టారెంటులో తినొచ్చేవారు. సోమవారం ప్రార్థన పూర్తవకుండానే నా చెవిలో మొదలుపెట్టేది... "నూడుల్స్ తిన్నామే... గాజు కప్పులో ఐస్‌క్రీం... పైన ఎర్రటి చెర్రీ పండు, పక్కన బిస్కట్టు..."

"అబ్బో" అనేదాన్ని పైకి. లోపల కుతకుతా ఉడికిపోయేదాన్ని. దాని మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను, దాచడం ఎందుకు! మా ఇంట్లోనూ కంద బచ్చలి కూర, పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు ఉండేవి... కానీ వాటిని గాజు కప్పులో పెట్టరుగా!

మా నాన్నగారికి కొబ్బరి తోటా, వరి చేలూ. హోటలంటే ఆయన లెక్కలో, ఇల్లు వాకిలి లేనివాళ్ళు తినే చోటు. ఏడ్చి, అన్నం మీద అలిగి, చివరికి ఎలాగో ఒప్పించాను. "ఆదివారమే వెళ్దాం నాన్నగారూ" అని షరతు కూడా పెట్టాను. ఐస్‌క్రీం తినడం ఒక్కటే సరిపోదు నాకు... జయ చూస్తుండగా తినాలి.

బయల్దేరేముందు అమ్మ నా జడకి రిబ్బను కడుతూ మా ఇంటి పాఠం మళ్ళీ అప్పజెప్పించుకుంది. ఎవరైనా ఏదైనా పెడతామంటే మొదట "వద్దండీ" అనాలి. రెండోసారి అడిగితే "అబ్బే, చాలండీ" అనాలి. మూడోసారి బలవంతం చేస్తే అప్పుడు పుచ్చుకోవాలి. అడగ్గానే చెయ్యి చాపితే తిండికి మొహం వాచినట్టు ఉంటుందిట. మా వైపు ఈ మర్యాద పెట్టేవాళ్ళకీ తెలుసు, తినేవాళ్ళకీ తెలుసు.

రెస్టారెంటు తలుపు తీయగానే చల్లటి గాలి... మసక దీపాలు... "వీళ్ళకి కరెంటు సరిగ్గా రావట్లేదనుకుంటానండీ" అంది అమ్మ జాలిగా. మూల బల్ల దగ్గర జయా వాళ్ళు! నా ప్రాణం లేచొచ్చింది.

నూడుల్స్ వచ్చాయి. సేమ్యా ఉప్మాకి నూనె రాసి దువ్వినట్టున్నాయి. నాన్నగారు చేత్తో కలపబోతే కలిసి చావలేదు. "కాస్త పెరుగేస్తే దిగుతుందేమోనే" అన్నారు. నాకవేం పట్టలేదు. జయ ముందు అప్పుడే గాజు కప్పు పెట్టారు... చెర్రీ పండుతో సహా.

మా దగ్గరికి సర్వరొచ్చాడు. "ఐస్‌క్రీం తెమ్మంటారా సార్?"

"అబ్బే, వద్దండీ" అన్నారు నాన్నగారు నవ్వుతూ.

సర్వరు నా వైపు తిరిగాడు. "పాపకి?"

అమ్మ బల్ల కింద నా మోకాలు నొక్కింది. "చాలండీ" అన్నాను.

ఇంక మూడోసారి అడగడమే తరువాయి. చెంచా తుడుచుకుని, నిటారుగా కూర్చున్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు... తిరిగొచ్చేటప్పుడు చేతిలో చిన్న పళ్ళెం ఉంది. అందులో బిల్లూ, సోంపూ ఉన్నాయి.

పిలిచి తెమ్మంటే తెస్తాడని మా ముగ్గురికీ తెలుసు. కానీ వద్దన్న నోటితో కావాలని ఎలా అంటాం?

అంతలో జయ వాళ్ళమ్మగారు మా బల్ల దగ్గరికొచ్చారు. "పాపకి ఐస్‌క్రీం ఇప్పించలేదేంటండీ?"

"ఆయ్... దానికి పడదండీ. రొంప చేసేస్తుంది" అంది అమ్మ తడుముకోకుండా.

వెనకాల జయ చెంచా నాకుతూ వింటోంది.

తిరుగు బస్సులో నాన్నగారి గొడవ నాన్నగారిది. "వద్దనగానే వెళ్ళిపోయేడేంటే! ఇంకోసారి అడిగితే వాడి సొమ్మేం పోయింది? మన వైపు కుర్రాడు కాదులే..." మా ఇంటికొచ్చినవాళ్ళు విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే మనిషి ఆయన. నేను కిటికీ వైపు తిరిగి బావురుమన్నాను.

సోమవారానికి క్లాసంతా పాకిపోయింది. "దానికి ఐస్‌క్రీం పడదుటర్రా!" పడుతుందని చెబితే అమ్మ అబద్ధమాడినట్టవుతుంది. ఇంక చూసుకోండి నా పాట్లు... పదో తరగతి అయ్యేదాకా ఎవరి పుట్టినరోజుకి ఐస్‌క్రీం పంచినా, "పాపం, దానికి పడదు" అని నా కప్పు కూడా జయే పుచ్చుకునేది. రెండు కప్పులూ నా పక్కనే కూర్చుని తినేది!

మొన్న అమలాపురంలో ఫుడ్ ఫెస్టివల్ అంటే పిల్లల్ని తీసుకెళ్ళాను. రంగు దీపాలు, పాటలు... మన పొట్టిక్కలకి కూడా స్టాలు పెడితే జనం వరసలో నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. అక్కడ జయ కనిపించింది. కాస్త ఒళ్ళు చేసింది, గొంతు మాత్రం మారలేదు. పిల్లలందరికీ ఐస్‌క్రీములు కొని, నా వంక చూసి "నీకు పడదు కదే... టీ చెప్పనా?" అంది ప్రేమగా.

"వద్దులే" అన్నాను. నోటికి అలవాటైపోయిన మాట!

"సరే" అని తన కప్పు తను తినడం మొదలుపెట్టింది. ఒట్టేసి చెప్తున్నాను... ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే కుళ్ళు, అదే కడుపుమంట.

ఇప్పుడు ఫోన్లో ఇలా నొక్కితే అలా అన్నీ గుమ్మంలోకి వచ్చేస్తున్నాయి. వద్దంటే ఫోనూ ఊరుకుంటుంది, మనుషులూ ఊరుకుంటున్నారు. వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేవాళ్ళు ఏరీ ఇప్పుడు? మీ ఇళ్ళల్లో ఎన్నోసారికి "సరే, కొంచెం వెయ్యండి" అనేవారో కింద రాయండి... చదువుకుని నవ్వుకుందాం.

జయా, నువ్వు కూడా ఇక్కడే ఉంటావని తెలుసు. నాకు ఐస్‌క్రీం శుభ్రంగా పడుతుందే తల్లీ! ఇంకొక్కసారి అడుగు...