కోయకుండా మోసుకెళ్లిన వంజరం

నా చిన్నప్పుడు విశాఖలోని మా జాలరిపేటలో వలలు తేలడానికి చెక్క బెండ్లు కట్టేవారు. నాలుగు రోజులు నానితే అవి బరువెక్కి మునిగేవి. పక్కింటి మావ అరిగిపోయిన రబ్బరు చెప్పులు ఏరి తెచ్చి, ముక్కలు కోసి, వాటి బదులు వలకు కట్టాడు. అలల్లో కొట్టుకుపోతున్న నా చెప్పును చూసే ఆయనకా ఆలోచన వచ్చిందని నేను చాలామందికి చెప్పాను. అబద్ధం. నాకప్పుడు చెప్పులే లేవు.

ఆ ముక్కల మూలలు వల కళ్లలో ఇరుక్కునేవి. రేవంతా ఒకటే నవ్వు.

“సేపలకి సెప్పులు కుట్టిత్తన్నావేటి బావా?”

నవ్వినవాళ్లలో మా తాతయ్య కూడా ఉన్నాడు. ఆ వానాకాలం వేటకెళ్లిన మావ తిరిగి రాలేదు.

మరుసటేడు మా తాతయ్య అలాంటి పాత చెప్పులే తెచ్చి, రెండేసి ముక్కలు అతికించి, అంచులు గుండ్రంగా చెక్కి కొత్త వలకు కట్టాడు. వల ఎక్కడా చిక్కుపడలేదు. ఆ రోజు పడ్డ చేపలకు లారీ పిలవాల్సి వచ్చింది. లారీ కాదులెండి, రెండు గంపలే. అయినా పేటంతా తాతయ్య తెలివినే పొగిడింది.

కొత్త వల నీళ్లలో దిగిన రోజు, మొదట పడిన చేపను ఆ వల తయారుచేసినవాడి ఇంటికి పంపడం మా పేట ఆనవాయితీ. మంచి వంజరం మా గుమ్మంలోకి వచ్చింది. నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. మావ భార్య, పక్కింటి అత్త, తన గడపలో నిలబడి ఆ చేపను చూసి లోపలికి వెళ్లిపోయింది.

తాతయ్య అది గమనించాడు. నాయనమ్మ చేతిలోంచి చేప తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి నడిచాడు.

“ఇదేటి మావా? వల నువ్వు కట్టిందే గదా?” అంది అత్త తాతయ్యతో.

“గుండ్రంగా సెక్కింది నానే. సెప్పుముక్క తేలతాదని సూసినోడు నీ మొగుడు. ఏది నాదో, ఏది ఆడిదో తెంపలేకపోతన్నానమ్మా. అందుకే కోయకుండా తెచ్చాను.”

అత్త ఆ చేపను చంటిబిడ్డలా రెండు చేతులా అందుకుంది.

“ఆయనుండగా తెత్తే, నవ్వినోళ్లందర్నీ పిల్సి సూపించేవోడు మావా.”

తాతయ్య తలెత్తలేదు. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్లలో వాడే యాప్‌లకు రూపం గీస్తుంది. కొత్తది చూపించినప్పుడల్లా “అంతా నా ఆలోచనే తాతయ్యా” అంటుంది. కాదనను. లేని చెప్పును చెప్పుకుని తిరిగిన నాకు ఆ ఆశ తెలుసు. కానీ మొదటి చేప ఎవరింటికి వెళ్లాలో ఆలోచించుకోమంటాను. ఎవరైనా గుర్తొస్తే, ఆ మనిషి ఉండగానే వెళ్లమంటాను.