ముల్లు లేని జెముడు

మొన్న ఆదివారం హిందూపురంలో మా అక్క ఇంటికి పోతే, వరండాలో వేలాడే కుండీలకు పాత చీటీలు పీకి కొత్తవి కడుతోంది. డ్రాగన్ పండు తీగకు ఇన్నాళ్లూ ఉన్న హైలోసీరియస్ అనే పేరు కొట్టేసి సెలెనిసీరియస్ అని రాసింది. "జన్యువులు పరీక్షించి చూసి పేరు మార్చినార్రా," అంది. వీధుల పేర్లు మున్సిపాలిటీవాళ్లు కూడా ఇన్నిసార్లు మార్చరు. నవ్వుకుంటూ పక్కకు తిరిగితే రిప్సాలిస్ కుండీ. పోగుల్లా కిందికి జారిన సన్నటి పచ్చని కాడలు, వాటి మీద ముత్యాలంత తెల్లటి పండ్లు. నాయన గుర్తొచ్చి నా నవ్వు ఆగిపోయింది.

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. అక్కను డాక్టరును చేయాలని ఆయన ఆశ. సీటు రాలేదు. అక్క మొక్కల శాస్త్రం చదివి హిందూపురంలో లెక్చరరయింది. నాయన దాన్ని "గడ్డి చదువు" అనేవాడు, చుట్టాల ముందర కూడా. అక్క పైకేమీ అనేది కాదు, ధర్మవరం రావడం మాత్రం తగ్గించేసింది. ఒకసారి నాయనే హిందూపురం వచ్చి, ఈ కుండీ చూసి ఇదేమని అడిగాడు. గుట్టల మీది నాగజెముడుకు చుట్టమేనని, అడవిలో చెట్ల కొమ్మల మీద బతుకుతుందని, చెట్టు రసం తాగదు, చోటు మాత్రమే వాడుకుంటుందని అక్క చెప్పింది. "ముల్లు లేంది జెముడెట్లయితాదమ్మా? చిక్కుపడిన పోగు మాదిరుండాది," అని నాయన నవ్వాడు. ఆ నవ్వులో అక్కకు గడ్డి చదువే వినబడింది. మొలకలో ముల్లు చూపిస్తానని పంతం పట్టింది. చెట్లెక్కిన జెముళ్లలో రెండు వంశాలున్నాయట. బ్రహ్మకమలం, డ్రాగన్ పండు ఒకటి. ఇదీ, క్రిస్మస్ కాక్టసూ మరొకటి. రూపం చూసి ఒకప్పుడు కలిపేశారు గానీ, కొమ్మల మీద బతకడం దేనికది విడిగా నేర్చుకుంది. రెండింటి పూర్వీకులూ ముళ్లున్నవే. అందుకే చిన్న మొలకకు ముళ్లొచ్చి, పెరిగేకొద్దీ పోతాయి. అక్క పండ్లు చిదిమి, బంక గింజలు నాటి, నెలల తరబడి భూతద్దం పట్టుకుని కాచుకుంది.

ముళ్లు కనబడేనాటికి నాయన మంచంపట్టాడు. చక్కెర జబ్బు ఆయన చూపు తీసేసింది. ఒక ఆదివారం అక్క కుండీని ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది. పెనుకొండ స్కూల్లో పనిచేసే నేనూ అక్కడ అదే పెట్టెలో ఎక్కాను. ధర్మవరం చేరేదాకా అక్క మొలకలకు గాలి తగలకుండా కొంగు అడ్డం పెట్టే ఉంది.

"నాయనా, మొలకలు తెచ్చినా. ముట్టుకో, ముల్లు తెలుస్తాది," అంది.

నాయన చేయి చాపాడు. తెగిన పోగును చూడకుండానే పట్టుకునే వేలు అది. మొలక దాకా పోనేలేదు, కుండీ అంచు మీదే ఆగిపోయింది.

"ఉండాది తల్లీ, గుచ్చుకుంటాండాది. నువ్వు చెప్పిందే నిజం. మగ్గం తప్ప నాకేం తెలుసు? నీది మంచి చదువు."

అక్క కుండీ తీసి కిటికీలో పెట్టింది. సాయంత్రం రైల్లో మాత్రం కోపంగా, "ముట్టుకోకుండానే ఒప్పుకున్నాడు. నేనడిగింది జాలి కాదు గదరా," అంది. నేను పెనుకొండలో దిగి కిటికీ దగ్గరికి వస్తే చేయి పట్టుకుంది. కండ్ల నిండా నీళ్లు.

"చక్కెర జబ్బుకు వేళ్ల స్పర్శ కూడా పోయింది రా ఆయనకు. కుండీ అంచేదో మొలకేదో తెలీలేదు. నా కోసరం అబద్ధమాడినాడు. ముప్పై ఏండ్లకు ఒక మంచి మాట చెప్తే, గమ్మున లేచి వచ్చేసినా. మళ్లీ ఆదివారం పోయి చెప్తా, నాకింక కోపం లేదని."

ఆ శుక్రవారం పొద్దున నాయన పోయాడు. అక్క వచ్చి ఆయన చెవి దగ్గర వంగి ఆ మాట చెప్పింది. విన్నవాళ్లం మేమే. నొప్పించుకోవడానికి వాళ్లిద్దరికీ ముప్పై ఏండ్ల కాలం దొరికింది. ఆ ఒక్క మాటకు మాత్రం రెండు రోజులు తక్కువయ్యాయి.