పడమటింట్లో పెట్టిన మూట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది చదివాక నన్ను కూడా నమ్మేవాళ్ల బాపతులో కలిపేస్తారేమో అని ముందే చెబుతున్నాను. జనగామ స్టేషన్ రోడ్డులో మాది ఇత్తడి సామాన్ల దుకాణం. బిందెకు సొట్ట పడితే ఎవడు కొట్టాడని అడిగే రకం నేను. శ్మశానం పక్క తోవలో సైకిలు తొక్కుకుంటూ బచ్చన్నపేటకు చాలాసార్లు పోయాను. కుక్కలు తప్ప మరేవీ నా వెంట పడలేదు.

1969లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచినప్పుడు నేను పీయూసీలో ఉన్నాను. కాలేజీలు మూతపడి ఏడాది పోయింది. ఆ ఏడాది దుకాణంలో కూర్చున్నవాణ్ని మళ్లీ లేవలేదు. నా చెల్లెలు వసంత నాకంటే పదేళ్లు చిన్న. నా వాటా చదువు కూడా అదే చదివిందని బాపు వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పేవాడు. నాకు కడుపు మండేది, గర్వంగానూ ఉండేది. ఎనభయ్యో దశకం మొదట్లో దానికి సర్కారు స్కాలర్‌షిప్ వచ్చి రసాయన శాస్త్రం చదవడానికి ప్రాగ్ పోయింది. చెకోస్లొవేకియా రాజధాని అది. మా వీధిలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు.

బాపుకు తిరిగింది. చదువు ముగిసే ఏడు తాను స్వయంగా పోయి బిడ్డను చూసి, ఆ ఊరంతా తిరిగి రావాలని పట్టు పట్టాడు. వసంత ఒక ఉత్తరంలో ట్రాము ఆగే చోటు నుంచి తన హాస్టలు దాకా తోవ గీసి పంపింది. బాపుకు చిన్న అక్షరాలు ఆనవు. అందుకని బిందెలు చుట్టే ఖాకీ కాగితం మీద నేను దాన్ని పెద్దగా గీసి ఇచ్చాను. రోజూ సాయంత్రం దుకాణం మెట్ల మీద ఆ కాగితం పరుచుకుని, వేలు పెట్టి పాఠం అప్పజెప్పేవాడు. "ట్రాము దిగాలె. బొమ్మల వంతెన దాటాలె. ఎడమచేతికి మెట్లెక్కాలె. గడియారాల దుకాణం పక్కపొంటి సందు. ఆకుపచ్చ తలుపు."

"హన్మకొండ పోతెనే తోవ తప్పుతవు. అంత దూరం ఎట్ల పోతవే బాపూ?" అని ఏడిపించేవాణ్ని.

"హన్మకొండల నా బిడ్డ లేదు గదరా" అనేవాడు.

పోలేదు. ఆ చలికాలం గుండె జబ్బుతో పదిహేను రోజులు దవాఖానలో ఉన్నాడు. కన్నుమూసే ముందురోజు నన్ను దగ్గరికి పిలిచాడు. మా వైపు చావు కబురు ఉత్తరం వస్తే చదివిన వెంటనే చింపేస్తారు, ఇంట్లో ఉంచరు. బాపు మనసులో అదే మెదిలినట్టుంది. "నా కాయితం ఆ పిల్ల పరాయి దేశంల ఒక్కతే సదివి ఒక్కతే చింపొద్దు. పరీక్షలైనంక ఎవరన్న పోయి నోటితోని చెప్పున్రి" అన్నాడు. సరేనని మాట ఇచ్చాను.

మాట ఇవ్వడం తేలిక. బాపు చెబుతుంటే ఉత్తరాలు రాసేది ఎప్పుడూ నేనే. కాబట్టి ఆయన పోయాక కూడా రాశాను. "బాపు బాగున్నాడు, నిన్ను బాగా చదువుకోమంటున్నాడు" అని నాలుగు నెలలు రాశాను. రాసిన ప్రతిసారీ రెండు రోజులు అన్నం సయించేది కాదు. జవాబుల్లో అది బాపు మోకాళ్ల నొప్పుల గురించి అడిగేది. దానికీ జవాబు రాశాను. ఇంత నీచపు పని నా బతుకులో ఇంకోటి లేదు.

బాపు వేసుకున్న ప్రయాణం నేను చేయాలని తేలింది. పాస్‌పోర్టు వచ్చింది, వీసా కాగితాలు ఢిల్లీలో ఉన్నాయి. జూన్‌లో పరీక్షలు ముగిసేనాటికి అక్కడుండాలి. కాజీపేటలో స్వెట్టర్లు అమ్మేవాళ్ల దగ్గర ఒక కోటు కొన్నాను. ఆ ఖాకీ కాగితం కోసం మాత్రం ఇల్లంతా వెతికాను. పెట్టెలు, అటక, దుకాణం గల్లా కింద, ఎక్కడా దొరకలేదు. బాపు బట్టలతో పాటు చాకలికి పోయిందనుకుని మళ్లీ గీసుకున్నాను.

మానుకోట నుంచి వచ్చిన మేనమామ ఒక మెలిక పెట్టాడు. మే నెల మధ్యలో మూఢం వస్తుంది, మూఢంలో దూర ప్రయాణం మొదలుపెట్టొద్దు అన్నాడు. పంచాంగం చూసే అయ్యగారిని అడిగితే, మూఢానికి ముందే ప్రస్థానం పెట్టమన్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మంచి గడియలో బయలుదేరడం కుదరకపోతే, పోయేవాడు కట్టుకునే బట్ట ఒకటి అక్షతలూ వక్కా వేసి మూటగట్టి, పోయే దిక్కున ఉన్న ఇంట్లో పెడతారు. అప్పటికి ప్రయాణం మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు పోయినా ఆ మూట తీసుకునే పోవాలి. పెట్టిన మూటను ప్రయాణం చేయకుండా వెనక్కి ఇంటికి తేగూడదు.

నవ్వొచ్చింది. కానీ అమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను.

మా ఇంటికి పడమట కమలమ్మత్త వాళ్లిల్లు. చుట్టరికం కాదు, ఇరుగు పొరుగు పిలుపు. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ముహూర్తం. భర్త పోయిన మనిషి ఎదురు రావద్దని అమ్మ తనంతట తానే లోపలి చీకటి గదిలోకి పోయింది. పెట్టెలోంచి నా కండువా తీసి, మడత విప్పకుండా గడప మీదుగా జరిపింది. కమలమ్మత్త అందుకుని, అక్షతలు, వక్క వేసి పసుపు గుడ్డలో మూటగట్టింది. నేను మూటను చంకన పెట్టుకుని ఇరవై అడుగులు నడిచి వాళ్లింట్లో దేవుడి గూట్లో పెట్టాను. ఆ తర్వాత దుకాణం తెరిచాను. అంతే.

శనివారం పగలు పదకొండింటికి తంతి వచ్చింది. ప్రాగ్ నుంచి, వసంత ఇచ్చింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. బాపు మళ్లీ హాస్టలుకు రాలేదు, ఎక్కడ దిగాడో అడ్రసు వెంటనే తెలపండి అని ఉంది.

మూడుసార్లు చదివాను. తంతి ఆఫీసులో పొరపాటు పడ్డారేమో అనుకున్నాను. కానీ పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. అమ్మకు చెప్పకుండా టెలిఫోను ఎక్స్ఛేంజికి పరుగెత్తి హాస్టలు నంబరుకు అర్జెంటు కాల్ బుక్ చేశాను. కలిసేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఆ ఐదు గంటలూ బెంచీ మీద కూర్చుని ఏమనుకున్నానో చెప్పమంటే చెప్పలేను. పిల్లకు మతి చలించిందేమో, ఎవడైనా బాపు పేరు చెప్పి మోసం చేస్తున్నాడేమో అన్న భయమే గుర్తుంది.

దాని గొంతు బొంగురుపోయి ఉంది. అన్నా అని కూడా అనలేదు. "బాపును తోలుకొచ్చి నాకెందుకు చెప్పలే? నిన్నటి సంది ఊరంత దేవులాడుతున్న. స్టేషను పోయిన, ఎంబసీ పోయిన. ఏడ దింపినవ్?"

ఏం జరిగిందో ఒక్కొక్కటిగా అడిగాను. గురువారం వసంత లైబ్రరీలో ఉంది. హాస్టలు తలుపు దగ్గర కాపలా ఉండే ముసలావిడ సాయంత్రం దానితో చెప్పిందట. మీ దేశపు పెద్దాయన ఒకడు పగటిపూట వచ్చాడు, నడుముకు తెల్ల గుడ్డ, భుజం మీద ఇంకో గుడ్డ, చంకలో చిన్న పసుపు మూట. ఖాకీ రంగు కాగితం చూపించి నీ పేరు చెప్పాడు. నువ్వు లేవని సైగ చేస్తే గోడ పక్క బల్ల మీద కూర్చున్నాడు. నీళ్లు కావాలని సైగ చేస్తే గ్లాసు ఇచ్చాను, పెదవికి తగలకుండా పైనుంచి నోట్లో పోసుకుని తాగాడు, అట్లా తాగడం నేను ఎన్నడూ చూడలేదు అని చెప్పి ఆవిడ నవ్విందట. గంటసేపు కూర్చుని లేచి వెళ్లిపోయాడట.

"భుజం మీది కండువ కొసకు ఎర్ర దారంతోని రఫు జేసి ఉన్నదట. బాపు మంచి కండువ కప్పుకోకుంట చినిగింది ఎందుకు కప్పుకొచ్చిండన్నా?" అని ఏడ్చింది. "నిన్న నా పేపరు పోయింది. పోతె పోనీ. బాపుకు ఈడి భాష ఒక్క మాట రాదు. గీ ఊర్ల ఏమైపోయిండో."

పరీక్షలు పాడవుతాయనే కదా నాలుగు నెలలు దాచాం. దాచినందుకే పాడైంది. ఇక అబద్ధం ఆడితే అది వీధుల వెంట తిరుగుతూనే ఉంటుంది. నిజం చెబితే అక్కడ ఒక్కతే ఉంది, బాపు వద్దన్నదే జరుగుతుంది. ఫోను చెవికి ఆనించుకుని గోడకు చేరబడ్డాను.

"వసంతా, దేవులాడకు బిడ్డా. బాపు లేడు" అన్నాను.

"లేడంటే?"

"చలికాలంల పోయిండు. ఉత్తరాలు నేనే రాసిన."

టైమైపోతోందని ఆపరేటరు మధ్యలో దూరి చెప్పాడు. తర్వాత అవతలి నుంచి ఒక్క మాట వినిపించింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"అయితే తోవ తప్పలేదు గదన్నా?"

"తప్పలేదు" అన్నాను.

ఎర్ర దారం మాట నా బుర్రలో గుచ్చుకునే ఉంది. బాపు జబ్బు పడ్డ కొత్తలో కుంపటి నిప్పు పడి ఆయన కండువా కొస కాలింది. తెల్ల దారం చేతికందక అమ్మ ఎర్ర దారంతో కుట్టింది. అప్పటికి వసంత ఇల్లు వదిలి మూడేళ్లు. ఎక్స్ఛేంజి నుంచి నేరుగా కమలమ్మత్త ఇంటికి పోయాను. మూట విప్పొద్దని ఆమె అంటూనే ఉంది, నేను విప్పాను.

అందులో ఉన్నది నా కండువా కాదు. నాదీ బాపుదీ ఒకే తానులోవి, రెండింటికీ ఒకే ఆకుపచ్చ అంచు. కానీ దీని కొసకు ఎర్ర దారం ఉంది. మడత విప్పితే నాలుగు మడతలు పెట్టిన ఖాకీ కాగితం బయటపడింది. నేను ఇల్లంతా వెతికిన కాగితం. వక్క ఉంది, అక్షతలు ఉన్నాయి. తడి లేదు, దుమ్ము లేదు. రెండు రోజులుగా దేవుడి గూట్లోంచి ఎవరూ కదపలేదని కమలమ్మత్త దేవుడి మీద ఒట్టేసింది.

అమ్మను అడిగాను. బట్టలన్నీ చాకలికి ఇచ్చేశామని నేననుకున్నాను. ఆ ఒక్క కండువా ఆమె ఎవరికీ చెప్పకుండా పెట్టె అడుగున దాచుకుంది. "చీకట్ల కండ్లు ఆనలే బిడ్డా, నీదే అనుకున్న" అంది. బాపు అక్కడికి పోయిన సంగతి, ముసలావిడ చెప్పినదంతా చెప్పాను. "నీళ్లు తాగిండన్నవు గద" అని మాత్రం అడిగింది.

నేను ప్రాగ్ పోలేదు. నువ్వు రావద్దు, బాపు వచ్చి చెప్పిపోయాడు, మిగిలిన పేపర్లు రాసి నేనే వస్తాను అని వసంత ఉత్తరం రాసింది. అన్నట్టే మిగిలిన పేపర్లు రాసింది, పోయిన పేపరు కూడా మళ్లీ రాసి పాసయింది. వచ్చాక నేను దానికి పంపిన ఉత్తరాలన్నీ అడిగి తీసుకుని, ఒకటి వదలకుండా చదివాను. కండువా కాలినట్టు గానీ, ఎర్ర దారం గురించి గానీ ఎక్కడా ఒక్క మాట లేదు. మన దేశపు ఇంకెవరో పెద్దాయన దారి అడుగుతూ వచ్చి ఉండొచ్చు అని నాకు నేను చెప్పుకుంటాను. నీళ్లు మనవాళ్లలో చాలామంది ఎత్తే తాగుతారు, నిజమే. పసుపు మూట దగ్గరికి, ఎర్ర దారం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నిలవదు.

చివరిది ఒకటుంది. ఆ మూట అన్ని నెలలూ కమలమ్మత్త ఇంట్లోనే ఉండిపోయింది. ప్రయాణం కాకుండా వెనక్కి తేగూడదు, పోవలసినవాడు పోయొచ్చాడో లేదో తెలియదు. వానాకాలంలో వసంత దిగినప్పుడు స్టేషనుకు రిక్షా తీసుకుపోయాను. వసంత మా గుమ్మం దగ్గర దిగలేదు. రిక్షాను కమలమ్మత్త ఇంటి ముందు ఆపించి, లోపలికి పోయి, ఆ మూటను చంకన పెట్టుకుని బయటికొచ్చింది. ఆ ఇరవై అడుగులూ మెల్లగా నడిచింది. పక్కన మోకాళ్ల నొప్పులున్న మనిషిని నడిపిస్తున్నట్టు నడిచింది.

అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ప్రయాణం నుంచి వచ్చినవాళ్ల కాళ్లకు నీళ్లు పోయడం మా ఇంట్లో అలవాటు. వసంత కాళ్లకు పోసింది. తర్వాత చెంబు కొంచెం పక్కకు వంచి, ఎవరూ నిలబడని మెట్టు మీద కూడా అన్నే నీళ్లు పోసి, "లోపలికి రాన్రి" అంది.

నేను వెనుక పెట్టె పట్టుకుని నిలబడ్డాను. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ ఆ మెట్టు ఖాళీ అయ్యేదాకా నేను గడప దాటలేకపోయాను.