చివరి పేజీ దాటని గిరాకీలు

అనుమానం మా ఇంటి జబ్బు. పాలవాడు కాస్త నవ్వుతూ పోస్తే ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపాడని అనుకునే వంశం మాది. అలాంటి నా చేతికి, మా వెబ్‌సైట్‌లోకి ఎవరొచ్చారో, ఏం చూశారో, ఎక్కణ్నుంచి తిరిగిపోయారో చూపించే సదుపాయం వచ్చింది. ఇక కంటిమీద కునుకు ఎక్కడిది?

జనగామలో మాది ఇత్తడి సామాన్ల దుకాణం. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక బజారు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువయ్యాయి. మహబూబాబాద్‌లో కంప్యూటర్లు నేర్పే మా బామ్మర్ది, "బావా, ఆన్‌లైన్ల పెడదం. బంద్ అయినా అండ్ల దుకాణం తెరిచే ఉంటది" అన్నాడు. వెబ్‌సైట్ తనే తయారుచేశాడు. వచ్చిపోయేవాళ్ల జాడ చూసే ఏర్పాటూ తనే పెట్టాడు. "ఎవలు దేని కాడ ఆగుతున్రో తెలిస్తే, గదే ముంగట పెట్టొచ్చు."

దీపాల దగ్గర ఎవరూ ఆగడం లేదని, బతుకమ్మను పేర్చే తాంబాలాల దగ్గర ఆగుతున్నారని తెలిసింది. తాంబాలాలను ముందుకు తెచ్చాం. జనం పెరిగారు. కొనేవాళ్లు మాత్రం లేరు. తాంబాలం ఎంచుకుని, అడ్రసు రాసే చివరి పేజీ దాకా వచ్చి, అందరూ అక్కణ్నుంచే వెనక్కి పోతున్నారు. పైగా అందరూ హైదరాబాద్ నుంచే వస్తున్నట్టు చూపిస్తోంది.

పట్నం వ్యాపారి ఎవరో మా నమూనాలు ఎత్తుకుపోతున్నాడని మొదట అనుకున్నాను. తర్వాత పోలీసుల మీదికి పోయింది మనసు. దుకాణం బోర్డు మీద ఆంధ్రప్రదేశ్ అన్న మాటకు నల్లరంగు పూసింది నేనే మరి. చివరికి అనుమానం బామ్మర్ది మీద వాలి అక్కడే కూర్చుంది. హైదరాబాద్ తరచూ పోయేది అతను. వెబ్‌సైట్ లోగుట్టు తెలిసింది అతనికే. చివరి పేజీలోంచి మా గిరాకీని ఇంకెవరికో మళ్లిస్తున్నాడు, సందేహమే లేదు.

అదే వారంలో భూపాలపల్లి నుంచి ఒకామె ఫోన్ చేసింది. భర్త బొగ్గుబాయిలో పనిచేస్తాడట. "అన్నా, మా క్వార్టర్లల్ల అందరం తాంబాలాలు తీసుకుంటం. కంప్యూటర్ల ఒత్తనీకి మనసొప్పుత లేదు. ఫోన్ల చెప్తే పంపుతరా?"

ఇదెవరి ఎత్తో అనుకున్నాను. "మనసొప్పకుంటే ఊకోండ్రి" అని పెట్టేశాను.

ఆ సాయంత్రమే నా భార్యతో చెప్పాను, మా గిరాకీని మళ్లిస్తున్నది ఆమె తమ్ముడేనని, ఈసారి బతుకమ్మకు అతని ఇంటికి పోయేది లేదని. పెళ్లయినప్పటి నుంచి ఆ పండుగకు ఆమె పుట్టింట్లో లేని ఏడు లేదు. ఆమె నేరుగా తమ్ముడికి ఫోన్ చేసింది.

బస్సులు బందున్నాయి, మర్నాడు బండి మీద వచ్చాడు బామ్మర్ది. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"నన్ను దొంగ అనుకున్నవట బావా."

"మరి అందరూ హైదరాబాద్ నుంచే ఎందుకొస్తున్రు?"

"నెట్ లైను హైదరాబాద్ మీదికెల్లి వస్తది. భూపాలపల్లిల కూసున్నోళ్లను సుత గట్లనే చూపెడ్తది."

"చివర్ల ఎటు పోతున్రు మరి?"

"నాకు సుత సమజైత లేదు. నువ్వే ఒక్కపారి కొను. నేను చూస్త."

ఇన్నాళ్లూ వచ్చిపోయేవాళ్ల మీద కన్నేసి కూర్చున్నానే కానీ, మా వెబ్‌సైట్‌లో నేనెప్పుడూ ఏమీ కొనలేదు. కూర్చున్నాను. తాంబాలం ఎంచుకున్నాను. పేరు, వీధి, జనగామ. దాని కింద రాష్ట్రం. అక్కడ ఒక్కటే పేరుంది, ఆంధ్రప్రదేశ్. దాని మీద ఒత్తితేనే ముందుకు పోతుంది.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఒత్తు బావా" అన్నాడు బామ్మర్ది.

"నేనెందుకు ఒత్తాలె?" అన్నాను. కోపం నిజంగానే వచ్చింది. అన్న తర్వాతే నా మాట నాకు వినిపించింది.

బామ్మర్ది నవ్వలేదు. తెర వైపు చూసి, నా వైపు చూసి, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పేరు తీసేసి తెలంగాణ అని రాశాడు. అప్పటికి ఏ పటంలోనూ లేని రాష్ట్రం. అతని ముఖం చూడటానికి నాకు సిగ్గేసింది. భూపాలపల్లి ఆమె నంబరు కోసం ఫోన్‌లో వెతుకుతూ తల దించుకున్నాను.

నా భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"బట్టలు సర్దుకో, తమ్ముని ఎంబడే పోదువు" అన్నాను.

ఆమె సంచి అప్పటికే సర్ది, తలుపు వెనక పెట్టి ఉంది.